బంద్ రోజు రిలీజ్

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా అమ్మ చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది. ఆ కోపం వల్ల నేను పోగొట్టుకున్నవి చాలానే ఉన్నాయి, వాటి గురించి నాకు బెంగ లేదు. నా కోపం వల్ల ఇంకొకరు పోగొట్టుకున్నది ఒకటుంది. అది ఒక బండి. మాదాపూర్ ఆఫీసుల ముందు పొద్దునా సాయంత్రం బారులు తీరి నిలబడే తెల్లటి క్యాబుల్లో ఒకటి. దాన్ని నడిపే ఆయన పేరు మీదికి అది మారడానికి ఇంకా నెల రోజులే ఉన్నప్పుడు, నిజాంపేటలో మా వంటింట్లో నిలబడి నేను దాన్ని ఆయనకు కాకుండా చేశాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులవి. మాది కడప జిల్లా. నేను పనిచేసే కంపెనీ చిన్నది, ఒక బ్యాంకు మీది అంతస్తులో నలభై మందిమి కూర్చునేవాళ్ళం. ఆఫీసులకు క్యాబులు నడిపే కాంట్రాక్టర్ల కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళం. ప్రతి డ్రైవర్‌కూ కాంట్రాక్టర్ ఒక చిన్న ఫోన్ ఇస్తాడు. పొద్దున బండి తీసే ముందు అందులో ఒక బటన్ నొక్కాలి. అదే ఆ రోజుకి హాజరు. ఎవర్ని ఎక్కించుకున్నాడు, ఎక్కడ దింపాడు అన్నది కూడా అందులోనే నమోదవుతుంది. మధ్యాహ్నం పన్నెండింటికి ఆ రోజు హాజరు పట్టీ మూసుకుపోయి కాంట్రాక్టర్‌కి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత దాన్ని ఎవరూ మార్చలేరు.

నా పని రిలీజులు చూడటం, అంటే కొత్త మార్పుల్ని డ్రైవర్ల ఫోన్లలోకి పంపడం. సాఫ్ట్‌వేర్‌లో ఏ మార్పు చేసినా, అది మంచికి చేసిందే అయినా, ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి చెడుతుంది. చెడకుండా చేయడం ఎవరి తరమూ కాదు. చెడితే ఎంతమందికి చెడాలి, ఎంతసేపు చెడాలి అన్నది మాత్రం మన చేతిలో ఉంటుంది. అందుకని మూడు వందల మంది డ్రైవర్లకూ ఒకేసారి పంపకుండా ముందు ముప్పై మందికి పంపేదాన్ని. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూసినట్టు. వాళ్ళని టెస్టింగ్ బ్యాచ్ అనేవాళ్ళం. వాళ్ళ దగ్గర ఏదైనా చెడితే పది నిమిషాల్లో పాత సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఫోన్లలోకి తిరిగి వచ్చేలా ఏర్పాటు ఉండేది. ఆ ఏర్పాటు నేనే చేశాను. దాని మీద నాకు చాలా గర్వం ఉండేది.

ఆ ముప్పై మందిని ఎలా ఎంచుకోవాలో మా మేనేజర్ నాకు మొదట్లోనే నేర్పాడు. అరిచేవాళ్ళని పెట్టుకోవద్దన్నాడు. కాంట్రాక్టర్‌కి బంధువులైనవాళ్ళు, యూనియన్‌లో తిరిగేవాళ్ళు, సొంత బండి ఉన్నవాళ్ళు వద్దు. వాళ్ళకి చిన్న తేడా వచ్చినా వ్యవహారం పైదాకా పోతుంది. నోరు లేనివాళ్ళయితే ఓ రెండు రోజులు ఓర్చుకుంటారు. మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అంటారు కదా, మేము దానికి ఒక ఇంగ్లీషు పేరు పెట్టి గోడ మీద రాసుకున్నాం. నేను ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. ఆ జాబితా నా చేత్తోనే రాశాను. మెదక్ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి, నల్గొండ నుంచి వచ్చి, కాంట్రాక్టర్ బండి నడుపుకునేవాళ్ళే అందులో దాదాపు అందరూ.

ఆయన్ని మాత్రం ఆ లెక్కన పెట్టుకోలేదు. నిజాంపేట నుంచి మాదాపూర్‌కి నన్ను రోజూ తీసుకెళ్ళే డ్రైవర్ ఆయనే. మెదక్ దిక్కు మనిషి, నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. అన్నా అని పిలిచి, మీరు అనేదాన్ని. కొత్త సాఫ్ట్‌వేర్ పంపిన రోజు మిగతావాళ్ళు ఏం బాగాలేకపోయినా ఊరుకునేవాళ్ళు. ఆయన మాత్రం నేను సీట్లో కూర్చోగానే అద్దంలో చూసి, "మేడం, దిగినోళ్ళ పేరు గూడ ఇంక ఎక్కినట్టే చూపిస్తున్నది, జర చూడున్రి," అని మొదలుపెట్టేవాడు. ఆయన చెప్పినవాటిలో ఒక్కటీ తప్పిపోలేదు. మా ఆఫీసులో టెస్టింగ్ చేయడానికే జీతం తీసుకునేవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళ కంటే ఆయన కళ్ళే నయమని నేను వాళ్ళ ఎదుటే అనేసి ఇద్దరి చేతా తిట్లు తిన్నాను.

డ్రైవర్ల ఫోన్లలో బ్యాలెన్స్ ఎప్పుడూ అంతంతమాత్రమే. అందుకని నేను, ఆయన ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఒక మిస్డ్ కాల్ ఇస్తే ఏదో చిన్న తేడా ఉంది, తీరికగా ఫోన్ చేయొచ్చు. వెంటవెంటనే రెండు ఇస్తే స్క్రీన్ ఆగిపోయింది. మూడు ఇస్తే ఉన్నపళంగా ఆపాలి, వెనక్కి తీసుకోవాలి. ఏడాదిలో ఒకటి చాలాసార్లు వచ్చింది, రెండు నాలుగైదుసార్లు వచ్చాయి. మూడు ఎప్పుడూ రాలేదు. ఆయన ఊరికే కంగారు పెట్టే మనిషి కాదు.

బండి సంగతి ఆయనే చెప్పాడు. ఏడాది పాటు ఒక్క గైర్హాజరు లేకుండా నడిపితే ఆ బండిని ఆయన పేరు మీదికి మారుస్తానని కాంట్రాక్టర్ మాటిచ్చాడట. మిగిలిన కిస్తులు ఆయన కట్టుకోవాలి. వారానికో బంద్, రెండు రోజులకో రాస్తారోకో ఉన్న ఏడాదిలో అది ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. బంద్ అంటే బండ్లు చీకటితోనే బయల్దేరి, తెల్లారేలోపు జనాన్ని ఆఫీసుల్లో దింపేసి, పొద్దుగూకేదాకా సెల్లార్‌లో దాక్కోవాలి. ఆయన అలా ఎన్ని బంద్‌లు గడిపాడో. గులాబీ కండువా సీటు కింద మడిచి పెట్టుకునేవాడు. డ్యూటీ దిగాక దీక్షా శిబిరానికి వెళ్ళి కూర్చునేవాడు. బంద్ నాడు కూడా బండి తీస్తున్నాడని వాళ్ళ వీధిలో కుర్రాళ్ళు ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకున్నానని ఒకసారి నాతో అన్నాడు.

ఇదంతా నాకు తెలుసు. తెలిసీ చేశాను.

నేను చెప్పబోయే బంద్‌కి వారం ముందు బండిలో ఒక మాట వచ్చింది. వెనక కూర్చున్నవాళ్ళు రాష్ట్రం వస్తుందా రాదా అని వాదించుకుంటున్నారు. ఆయన అద్దంలో నా వైపు చూసి, నవ్వుతూ, "రాష్ట్రమొస్తె మీరు కడపకు పోతరా మేడం?" అన్నాడు. బండిలో అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు ఒళ్ళంతా మంటెత్తించింది. ఇల్లు కిరాయికి అడిగితే ముందు ఏ జిల్లా అని అడిగే రోజులు. "నన్ను పంపించేదాకా నీకు నిద్ర పట్టదా?" అన్నాను. ఏడాదిలో మొదటిసారి ఆయన్ని నువ్వు అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. తమాషాకన్నానని ఏదో చెప్పబోతే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. మర్నాటి నుంచి ఆయన నమస్తే అంటే తల ఊపడమే తప్ప మాట లేదు. పచ్చకామెర్ల కంటికి లోకమంతా పచ్చన అని ఎవరి గురించి అన్నారో కానీ, ఆ వారమంతా నా కళ్ళు అలాగే ఉన్నాయి.

ఆ వారమే ఒక మార్పు సిద్ధమయింది. రాత్రి షిఫ్టు వాళ్ళని దింపే డ్రైవర్ల పని అర్ధరాత్రి దాటాక ముగిస్తే అది మర్నాటి ఖాతాలో పడుతోందని కాంట్రాక్టర్ ఫిర్యాదు. అందుకని తెల్లవారుజామున ఐదింటి లోపు ఏం నమోదైనా ముందురోజు కిందికి వెళ్ళేలా మార్చాం. మామూలు రోజుల్లో ఐదింటికి ముందు డ్యూటీ ఎక్కేవాళ్ళు లేరు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదనుకున్నాం. ఎప్పుడు పంపాలా అని క్యాలెండర్ చూశాను. శుక్రవారం పంపకూడదు, శని ఆదివారాల్లో చెడితే చూసేవాళ్ళుండరు. సోమవారం రద్దీ. గురువారం బంద్ ఉంది. మా ఆఫీసుకి సెలవు, బదులుగా శనివారం పని. బంద్ రోజున రోడ్ల మీద బండ్లే ఉండవు. చెడినా ఎవరికి తగులుతుంది? బుధవారం సాయంత్రం టెస్టింగ్ బ్యాచ్‌కి పంపేశాను. అంత తెలివిగా రోజు నేనెప్పుడూ ఎంచలేదనుకున్నాను. మేనేజర్ కూడా మెచ్చుకున్నాడు.

బండ్లు తక్కువ తిరిగే రోజని చూసుకున్నాను కానీ, ఆ రోజు కూడా తిరిగేది ఎవరు అని ఆలోచించలేదు. సెలవు లేని ఆఫీసులకి జనాన్ని చేర్చక తప్పనివాళ్ళే తిరుగుతారు. వాళ్ళు ఐదింటికి ముందే తిరుగుతారు. మూడేళ్ళుగా బంద్‌ల మధ్య బతుకుతూ, బంద్ నాడు క్యాబులు చీకట్లో వస్తాయని ఎరిగి ఉండి, నాకు ఆ రెండూ ఒకచోట తట్టలేదు.

గురువారం పొద్దున ఉగ్గాని చేసుకుని, తింటూ ల్యాప్‌టాప్ తెరిచాను. టెస్టింగ్ బ్యాచ్ ముప్పై మందిలో నలుగురే హాజరు. మిగతా ఇరవై ఆరు పేర్ల ఎదుట గైర్హాజరని ఎర్రగా ఉంది. మామూలు రోజయితే చేతిలో పళ్ళెం పడేసి పరిగెత్తి ఉండేదాన్ని. ముప్పై మందిలో ఇరవై ఆరుగురు రాలేదంటే తప్పు మనుషులది కాదు, మనదని ఈ పనిలో మొదటి రోజు నుంచీ నేర్చుకుంటాం. ఆ రోజు మాత్రం, బంద్ కదా, వీళ్ళందరూ అక్కడివాళ్ళే కదా, ఇంకేం వస్తారు అనుకున్నాను. జాబితాలో ఆయన పేరు చూశాను. అదీ ఎర్రగానే ఉంది. "చివరికి నువ్వూ బంద్‌లోకి వెళ్ళావన్నమాట," అని పైకే అన్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, నాకు కొంచెం సంతోషమేసింది. నా కోపం సరైనదేనని రుజువు దొరికినట్టు.

పదకొండింటికి ఫోన్ ఒకసారి మోగి ఆగింది. ఆయనే. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. మళ్ళీ మోగి ఆగింది. రాకుండా ఎగ్గొట్టి ఇప్పుడు కుంటిసాకులు చెప్పుకోవడానికి చేస్తున్నాడనుకున్నాను. హాజరు వేయించమని అడుగుతాడేమో, వారం రోజులుగా మాట్లాడని మనిషికి ఇప్పుడు నేను గుర్తొచ్చానా అనుకున్నాను. మూడోసారి మోగింది. అప్పటికి ఫోన్ నా చేతిలో ఉంది. ఆ మోత ఆగేదాకా చూసి, ఫోన్ బోర్లించి పెట్టి, పప్పు ఎనుపుకున్నాను. మూడు అంటే ఏమిటో నాకు గుర్తు రాలేదని చెప్పను. గుర్తొచ్చింది. ఇది దాని గురించి కాదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. పన్నెండింటికి పట్టీ మూసుకుపోయింది.

మర్నాడు చౌరస్తాలో నా ముందు ఆగింది అదే బండి. డ్రైవర్ వేరు. ఆఫీసు దగ్గర కాంట్రాక్టర్ తాలూకు సూపర్‌వైజర్‌ని అడిగితే అతను విసుక్కుంటూ చెప్పాడు. నిన్న బంద్ నాడు రాలేదట, పైగా వచ్చిన అని లొల్లి పెట్టుకున్నాడట, బండిలో ఎక్కినవాళ్ళని తెచ్చి చెప్పిస్తానన్నాడట. కంప్యూటర్ అబద్ధం చెప్తదా అని ఓనర్ తాళాలు తీసేసుకున్నాడట. నేను అవునా అన్నాను. అంతకు మించి ఒక్క ప్రశ్న వేయలేదు. కొత్త డ్రైవర్ రేడియో గట్టిగా పెడతాడని మాత్రం ఆ వారం ఫిర్యాదు చేశాను.

మూడు వారాల తర్వాత ఒక కాల్ సెంటర్ షిఫ్టు గంట ముందుకి జరిగింది. నాలుగున్నరకి డ్యూటీ ఎక్కే డ్రైవర్ ఒకతను రోజూ వస్తున్నా గైర్హాజరు పడుతోందని కాంట్రాక్టరే ఫోన్ చేశాడు. బంద్ లేని రోజు కాబట్టి ఈసారి ఎవరికీ సాకు దొరకలేదు. కారణం దొరకడానికి పావుగంట పట్టింది. ఆ గురువారం నమోదులు తీసి చూశాను. ఆయన ఫోన్లో బటన్ నొక్కిన వేళ మూడూ యాభై. అది బుధవారం కింద పడి ఉంది. ఆయనతో కలిపి తొమ్మిది మంది చీకట్లో వచ్చారు, తొమ్మిది మందీ రానట్టే నమోదయ్యారు. హాజరైన ఆ నలుగురూ దగ్గర్లో ఉండి, తీరిగ్గా ఐదు దాటాక బయల్దేరినవాళ్ళు. అందరికంటే ముందు లేచినవాళ్ళకే గైర్హాజరు వేశాను.

మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. అతను తలుపు వేసి, తప్పు సరిచేసి పంపెయ్, పాతవి తవ్వకు అన్నాడు. కాంట్రాక్టర్‌తో ఒప్పందం రెన్యూ చేసుకునే నెల అది. బంద్ నాటి హాజరు ఇప్పుడెవడికి గుర్తుంటుందన్నాడు. నాకు ముక్కు మీదుండే కోపం ఆ రోజు ఎక్కడికి పోయిందో తెలియదు. ఆడపిల్లవై ఉండి అందరి మీదా అరుస్తావని పేరున్న నేను, సరే సర్ అని వచ్చేశాను. రిలీజ్ నోట్‌లో "చిన్న సవరణలు" అని రాశాను. కాంట్రాక్టర్‌కి ఒక మెయిల్ రాశాను. దాన్ని పంపలేదు.

ఆయన నంబర్‌కి ఫోన్ చేశాను. కొత్త డ్రైవర్ ఎత్తాడు. ఫోన్ కూడా కాంట్రాక్టర్‌దే, బండితో పాటే చేతులు మారింది. చౌరస్తాలో టీ కొట్టు అతన్ని అడిగితే నిజాంపేటలో గది ఖాళీ చేశారన్నాడు. ఇంకో ఏడాదికి ఆ దారిన వెళ్ళినప్పుడు అతనే చెప్పాడు, నార్సింగిలో ఒక అపార్ట్‌మెంట్ దగ్గర సెక్యూరిటీగా ఉన్నాడని. అప్పటికి నేను పుప్పాలగూడలో ఉంటున్నాను. మా ఇంటి నుంచి పది నిమిషాలు. ఆ పది నిమిషాల దూరం పోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఈలోగా రాష్ట్రం వచ్చింది. నేను కడపకి పోలేదు, ఎవరూ పొమ్మనలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. గేటు పక్క ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు, నన్ను చూసి లేచి నిలబడ్డాడు. జుట్టు నెరిసింది. "మంచిగున్నరా మేడం?" అని అడిగి, లోపల్నుంచి ఇంకో కుర్చీ తెచ్చి తుడిచి వేశాడు. రెండు సంగతులు చెప్పాలని వెళ్ళాను. మొదటిది చెప్పాను. ఐదింటి మార్పు, బుధవారం, గురువారం, మూడూ యాభై, అంతా చెప్పాను. నాదే తప్పన్నాను. ఆయన నేల చూస్తూ విన్నాడు.

"అయితె నేను ఐదు దాటినంక పోతె హాజర్ పడుతుండె," అన్నాడు.

అవునన్నాను.

"పొద్దుగాల జల్ది లేసుడే తప్పయింది," అని చిన్నగా నవ్వాడు. ఆ నవ్వులో నన్ను పొడవాలన్నది లేదు. ఉంటే బాగుండేది. ఇప్పుడు బండి నడపడం లేదా అని అడిగితే, కళ్ళు సరిగ్గా ఆనడం లేదు, ఇదే బాగుందన్నాడు. కూతురు ఇంటర్ చదువుతోందన్నాడు.

రెండోది చెప్పడానికి నోరు తెరిచాను. ఆయనే మొదలుపెట్టాడు.

"నేను మూడు కొట్టిన మేడం. మీరు చెప్పినట్టే, మూడు. మీరు చూస్తె ఊకుంటరా? ఆ దినం ఎవ్వలకు ఫోన్లు సక్కగ కలుస్తలేవు. మీకు అందలేదు గదా?"

ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు. ఏళ్ళ తరబడి దాచుకున్న ప్రశ్న అది, దాని జవాబు కూడా ఆయనే సిద్ధం చేసి పెట్టుకున్నాడు. నేను తల ఊపితే చాలు. ఇంటి నుంచి బయల్దేరినప్పటి నుంచీ నేను కూర్చుకున్న మాటలన్నీ గొంతులోనే ఉన్నాయి.

"అందలేదన్నా," అన్నాను.

ఆయన గట్టిగా ఊపిరి వదిలి, కుర్చీలో వెనక్కి వాలాడు. "నేను గదే చెప్పిన. మా ఇంటామె ఇన్నేండ్ల సంది ఒకటే అంటది, మేడం చూసి గూడ ఊకున్నదని. ఎంత చెప్పినా ఇనదు. ఇయ్యాల పోయి చెప్త."

"చెప్పండి," అన్నాను.